కాల్‌షీటుకు ఇంత: మద్రాసులో తెలుగు హాస్యనటుడి బతుకు లెక్క

తెలుగు హాస్యనటుల జీవితకథలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. చిన్నప్పుడు ఊళ్లో అల్లరి పిల్లాడు. చదువు అబ్బలేదు. ఇంట్లో చెప్పాపెట్టకుండా మద్రాసు రైలెక్కాడు. పానగల్ పార్కు బెంచీ మీద పడుకున్నాడు, కుళాయి నీళ్లతో కడుపు నింపుకున్నాడు. ఎవరో మహానుభావుడి కంట పడ్డాడు, దశ తిరిగింది. కారు, మేడ. ఆపైన దానధర్మాలు, సొంత సినిమా, అప్పులు. చివరి రోజుల్లో పలకరించినవాళ్లు లేరు. యూట్యూబ్‌లో ఎవరి గురించి వెతికినా వెనకాల షెహనాయి మోగుతూ ఇదే కథ.

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. కాకపోతే చెప్పే తీరు వల్ల అసలు సంగతి మరుగున పడిపోతుంది. పైకి రావడానికి అదృష్టం, కిందపడటానికి మంచితనమో తాగుడో కారణమని తేల్చేస్తే ఇక అడగడానికి ఏమీ మిగలదు. ఒకే ఊళ్లో, ఒకే వృత్తిలో, ముప్పై నలభై ఏళ్లపాటు ఇంతమందికి ఒకే గతి పట్టిందంటే దాన్ని మనుషుల గుణం మీదికి తోసేయడం కుదరదు. వాళ్లకు పని ఎలా దొరికింది, డబ్బు ఏ లెక్కన ఇచ్చారు అని చూడాలి. చూస్తే నాకు తేలింది ఇది: వాళ్లను ఎక్కించిన ఏర్పాటే వాళ్లను దించింది.

కమెడియన్ అవుదామని ఎవరొచ్చారు?

మొదట గమనించాల్సింది, ఆ తరంలో హాస్యనటుడు అవుదామని మద్రాసు వచ్చినవాళ్లు దాదాపు కనపడరు. రేలంగి వెంకట్రామయ్య 1910లో పుట్టారు, కాకినాడలో పెరిగారు. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి కూడా ఆ క్లబ్బు నుంచి వచ్చినవాళ్లే. రమణారెడ్డిది నెల్లూరు జిల్లా, శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. పాలకొల్లు నుంచి వచ్చిన అల్లు రామలింగయ్య ప్రజానాట్యమండలి మనిషి, హోమియోపతి వైద్యం చేసేవారు. రాజబాబు అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు, రాజమండ్రి వైపు బడిపంతులు. పద్మనాభం కడప జిల్లా సింహాద్రిపురంలో 1931లో పుట్టారు, పద్యాలు పాడే పిల్లాడు.

ఒకరు గాయకుడు, ఒకరు ఉద్యోగి, ఒకరు వైద్యుడు, ఒకరు మాస్టారు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది నాటకం. మైకు సరిగ్గా లేని రోజుల్లో పందిట్లో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా మాట వినపడాలి. రాగం ఎక్కడ లాగాలో, ఎక్కడ తుంచాలో జనమే నేర్పేవారు. బాగుంటే వన్స్‌మోర్, బాగోకపోతే ఈలలు. నవ్వించడం ఆ చదువులో ఒక భాగం, అంతే. సినిమాకొచ్చాక ఎవరి ఒడ్డూ పొడవూ, ఎవరి గొంతూ చూసి దర్శకులు వాళ్లకు ఆ పని అప్పగించారు. రమణారెడ్డి ఎంత సన్నమంటే ఆయన నడిస్తే పంచె ఒక్కటే నడిచినట్టుండేది. అలాంటి శరీరానికి అప్పటి సినిమాలో హీరో వేషం ఎవరిస్తారు?

ఇక్కడ పద్మనాభం సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మద్రాసులో హాస్యనటుడు తయారైన తీరంతా ఆయన చిన్నతనంలో కనపడుతుంది. పిల్లాడిగానే మద్రాసు చేరి నటి కన్నాంబ పంచన చేరారు. కన్నాంబ, ఆమె భర్త కడారు నాగభూషణం నడిపిన రాజరాజేశ్వరి సంస్థకు సినిమాలతో పాటు నాటక సమాజం కూడా ఉండేది. అలాంటి సమాజంలో కుర్రాడికి ముందు దొరికేది అన్నం, పడుకునే చోటు. ఆ తర్వాత కోరస్‌లో గొంతు కలపడం, ఎవరైనా రాకపోతే ఆ వేషం కట్టడం, తెర వెనక అందించడం. జీతం అంతంతమాత్రమే అయినా బడి మాత్రం గట్టిది. పద్నాలుగేళ్లకు 'మాయలోకం' (1945)లో చిన్న వేషం దొరికింది. జనం గుర్తుపట్టే వేషం మాత్రం 1951లో వచ్చింది. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు.

రేలంగి ఇంకా ఎక్కువ కాలం ఆగారు. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో తెరకెక్కినా, గట్టి పేరు వచ్చింది 1949 నాటి 'గుణసుందరి కథ'తో. ఈ మధ్య పద్నాలుగేళ్లూ ఆయన దర్శకుడు సి. పుల్లయ్యగారి దగ్గర నటుల్ని పోగుచేయడం మొదలుకొని ప్రొడక్షన్ పనుల దాకా ఏది చెబితే అది చేశారు. రాజబాబు 1960లో వచ్చారు, వేషాలు దొరికేదాకా పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు.

అందుకే పానగల్ పార్కు బెంచీ కథ నాకు సగమే నచ్చుతుంది. బెంచీ మీద పడుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ బెంచీ ఎవర్నీ పద్నాలుగేళ్లు పోషించలేదు. పోషించింది నాటక సమాజాలు, నెలజీతమిచ్చే కంపెనీలు, ఖాతా రాసుకునే ఆంధ్రా మెస్సులు, పిల్లలకు తెలుగు ట్యూషన్ కావాలనుకున్న టి.నగర్ ఇళ్లు. ఆ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా తెలుగువాడు. త్యాగరాయనగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడే. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా సినిమా మనుషులు ఇక్కడి నుంచి కదలకపోవడానికి స్టూడియోలు, ల్యాబులు ఒక కారణం. ఆకలేసినప్పుడు తలుపు కొట్టడానికి తెలుగు గడపలు ఉండటం ఇంకో కారణం. కొత్తగా వచ్చినవాడు వేషాల కోసం తిరిగి తిరిగి సాయంత్రానికి చేరేది ఏదో ఒక తెలుగువాళ్ల వసారాకే.

నవ్వు వినపడని చోట నవ్వించడం

వడపళనిలో ఇప్పుడు విజయా హాస్పిటలు, పక్కన పెద్ద మాల్ ఉన్న చోట ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉండేది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటని చెప్పుకునేవారు. అక్కడి ఫ్లోర్‌లో ఒక హాస్యనటుడి ఉదయం ఎలా ఉండేదో ఊహించుకుంటే, పేరు ఎందుకు అందరికీ రాలేదో తెలుస్తుంది.

ఆ రోజుల్లో మాట అక్కడికక్కడే రికార్డయ్యేది. తర్వాత డబ్బింగులో సరిచేసుకుందాం అనే వీలు చాలాకాలం లేదు. కాబట్టి షాట్‌కు ముందు గంట కొట్టి తలుపులు మూసేస్తారు. చప్పుడు చేస్తుందని ఫ్యాన్లు ఆపేస్తారు. పైన దీపాల వేడి, ముఖం మీద మేకప్ కారిపోతుంటుంది, టచప్ కుర్రాడు తువ్వాలు పట్టుకుని ఓ పక్క నిలబడి ఉంటాడు. నటుడు మాట అంటాడు. ఎవరూ నవ్వరు, నవ్వకూడదు. పైన లైట్‌బాయ్‌కి నవ్వొచ్చినా నోట్లో గుడ్డ కుక్కుకోవాల్సిందే, ఫక్కుమన్నాడంటే టేక్ పాడైనట్టే.

నాటకం నుంచి వచ్చినవాడికి ఇది పెద్ద శిక్ష. స్టేజీ మీద మాట పడగానే జనం నవ్వుతారు, ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగి తర్వాతి మాట అందుకుంటాడు. ఇక్కడ ఆ నవ్వు ఎన్నో నెలల తర్వాత, బెజవాడలోనో బళ్లారిలోనో, తను లేని హాల్లో పుడుతుంది. దానికి ఎంత జాగా వదలాలో ఇప్పుడే, ఈ నిశ్శబ్దంలోనే లెక్క కట్టాలి. ఎక్కువ ఆగితే సీను సాగదీసినట్టు ఉంటుంది. తక్కువ ఆగితే తర్వాతి మాట నవ్వుల్లో కొట్టుకుపోతుంది. ఈ గడియారం నటుడి ఒంట్లో ఉండాలి. వందల నాటకాలు ఆడినవాళ్లకే అది ఉండేది.

దీనికి డబ్బు లెక్క కూడా తోడైంది. వెయ్యి అడుగుల ఫిల్ము రోలు దాదాపు పదకొండు నిమిషాలకు అయిపోతుంది. ముడి ఫిల్ము బయటి దేశాల నుంచి రావాలి, కావలసినంత దొరికేది కాదు. అలాంటప్పుడు ఏడో టేక్ అడిగేవాడికన్నా మొదటి టేక్‌లో ఓకే చేయించేవాడు ప్రొడక్షన్ మేనేజర్‌కు దేవుడు. 'ఆయనైతే ఒక్క టేకే' అన్న మాట స్టూడియో నుంచి స్టూడియోకు పాకితే చాలు, మరుసటి నెల డైరీ నిండిపోయేది. మనం చెప్పుకునే 'దశ తిరగడం' చాలాసార్లు ఇదే.

'మాయాబజార్' (1957)లో లక్ష్మణకుమారుడి పెళ్లి సీను చూడండి. పెళ్లికూతురి రూపంలో ఉన్న ఘటోత్కచుడు రేలంగి కాలు తొక్కుతాడు. రేలంగి ముఖంలో పెళ్లికొడుకు బింకం ఉంది, ప్రాణం పోతున్న నొప్పి ఉంది, నలుగురిలో అరవకూడదన్న మర్యాద ఉంది. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి, ఏదీ ఇంకోదాన్ని పూర్తిగా మింగకుండా. సినిమా హాల్లో జనం గొల్లుమని నవ్వే క్షణం అది. తీసినప్పుడు ఆ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లంతా పెదాలు బిగబట్టి ఉండి ఉంటారు. అదే సినిమాలో రమణారెడ్డి చిన్నమయ్య, వంగర, అల్లు రామలింగయ్య శాస్త్రి, శర్మలు. ఇంతమంది నవ్వించేవాళ్లను ఒకరి మీద ఒకరు పడకుండా పేర్చడం దర్శకుడు కె.వి. రెడ్డిగారి పనితనం. దాని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

జంట ఎందుకు పుట్టింది

పాత సినిమాల్లో హీరో హీరోయిన్ల కథ ఒకటి నడుస్తుంటే, పక్కన హాస్యజంటకు వేరే ప్రేమ, వేరే పాట, వేరే మామగారు ఉంటారు. రేలంగి గిరిజ, పద్మనాభం గీతాంజలి, రాజబాబు రమాప్రభ. కథకు సంబంధం లేని ఈ ట్రాక్ ఎందుకని ఇప్పటి కుర్రాళ్లు విసుక్కుంటారు. సంస్కృత నాటకాల విదూషకుడి దాకా వెళ్లి జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు. నాకైతే కాల్‌షీటు డైరీ చూస్తే చాలనిపిస్తుంది.

కాల్‌షీటు అంటే ఒక షిఫ్టుకు నటుడి సమయం కొనుక్కోవడం. పెద్ద హీరో ఒకేసారి ఎన్నో సినిమాల్లో ఉండేవారు, ఆయన డేట్లు దొరకడం గగనం. హీరో లేని రోజు సెట్టు ఖాళీగా ఉంచితే అద్దె దండగ. హాస్యజంట ట్రాక్ హీరోతో సంబంధం లేకుండా తీసేయొచ్చు. వేసిన సెట్టులోనే, నాలుగైదు రోజుల్లో, పాటతో సహా అయిపోతుంది. నిడివి తక్కువైతే ఇంకో సీను కలపొచ్చు, ఎక్కువైతే కథకు దెబ్బ తగలకుండా కోసేయొచ్చు. నిర్మాతకు ఇంతకన్నా సుఖం ఏముంది? సినిమాను ఏరియాలవారీగా కొనే బయ్యర్లు కూడా హీరో ఎవరని అడిగాక కమెడియన్ ఎవరని అడిగేవారు.

నటుడికీ లాభమే. ఉదయం ఒక స్టూడియో, మధ్యాహ్నం మరొకటి, కంపెనీ కార్లు ఇంటి ముందు వరసగా. హీరో ఏడాదికి కొన్ని సినిమాలు చేస్తే కమెడియన్ వాటికి రెండింతలు మూడింతలు చేయగలడు. ఊళ్లో ఏ హాలుకు వెళ్లినా ఆయనే కనపడతాడు. పేరంటే ఇదే కదా.

చిక్కు కూడా ఇక్కడే పడింది. హీరోను జనం ఇష్టపడేది కథలో ఆయన చేసే పనుల వల్ల, కథ మారితే ఆయన కొత్తగా కనపడతాడు. కమెడియన్‌కు ట్రాక్‌లో కథ తక్కువ. ఆయన అమ్ముకునేది ఒక గొంతు, ఒక నడక, ఒక మాట విరుపు. ఏడాదికి పాతిక సినిమాల్లో అదే విరుపు చూపిస్తే ఎంతటిదైనా నాలుగేళ్లకు పాతబడుతుంది. పోనీ తగ్గించుకుందామా అంటే డబ్బు వచ్చేది కాల్‌షీటుకు ఇంత అనే లెక్కన. పని మానేసిన రోజు ఆదాయం సున్నా. ఎంత ఎక్కువ సంపాదిస్తే అంత త్వరగా అరిగిపోయే ఏర్పాటు ఇది. సినిమా ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ విడుదలై ఆడినా నటుడికి దమ్మిడీ రాదు, అది నిర్మాతదో, హక్కులు కొన్నవాళ్లదో.

ఆడవాళ్లకు ఇంకో మెలిక ఉంది. జంటలో సగంగా పేరు తెచ్చుకున్న నటికి, ఆ రెండో సగం వెనకబడితే తన డైరీ కూడా ఖాళీ అవుతుంది. గిరిజ 'పాతాళభైరవి'లో దేవతగా కనిపించి, రేలంగి పక్కన ఎన్నో సినిమాల్లో వెలిగి, చివరి రోజులు ఇదే ఊళ్లో ఇబ్బందుల్లో గడిపారు. సూర్యకాంతంగారి దారి వేరు. ఆవిడ ఎవరి జంటా కాదు. గయ్యాళి అత్త వేషానికి వయసు పెరిగితే నష్టం లేదు సరికదా లాభం. 1940లలో మొదలుపెట్టి 1994లో పోయేదాకా జనం ఆవిడను మర్చిపోలేదు. ఆ పేరు మాత్రం తర్వాత ఏ ఆడపిల్లకూ పెట్టుకోలేదని జోకు.

సొంత సినిమా అనే పింఛను

తొలి స్టార్ కమెడియన్ కస్తూరి శివరావు సంగతితో ఇది మొదలైంది. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతగా మొదలై, 'గుణసుందరి కథ'లో ఏకంగా కథానాయకుడయ్యారు. మరుసటేడు 'పరమానందయ్య శిష్యులు' సొంతంగా తీసి దర్శకత్వం కూడా చేశారు. అక్కడి నుంచి జారుడే. 1966లో పోయేనాటికి పాత వైభవం ఏమీ మిగల్లేదు. ఆయన శిఖరం మీద ఉన్న 'గుణసుందరి కథ'లోనే చిన్నల్లుడి తోడల్లుడి వేషంలో రేలంగి పైకొచ్చారన్నది గుర్తుంచుకోండి. ఒకే సినిమా ఒకరికి చివరి మెట్టు, ఇంకొకరికి మొదటి మెట్టు అయింది.

శివరావు గతి కళ్లారా చూసి కూడా తర్వాతివాళ్లు అదే పని ఎందుకు చేశారు? తెలివి లేక అనుకోవడం సులువు. నా ఉద్దేశంలో వాళ్లు తెలివిగానే ఆలోచించారు. తన విరుపుకు ఇంకో ఆరేడేళ్లే ఆయుష్షు ఉందని నటుడికి అందరికన్నా ముందు తెలుస్తుంది. కాల్‌షీటు డబ్బు ఆగిపోయాక ఏమిటి? సినిమా మీద శాశ్వతంగా హక్కుండేది నిర్మాతకే. కాబట్టి నిర్మాత కావాలి. పేరున్నప్పుడే, పెద్ద హీరో స్నేహంగా డేట్లు ఇచ్చేటప్పుడే కావాలి.

పద్మనాభం సరిగ్గా అదే చేశారు. నాటకాలాడిన రేఖా అండ్ మురళి ఆర్ట్స్ పేరు మీదే 1965లో 'దేవత' తీశారు. ఎన్టీఆర్, సావిత్రి నటించారు, సినిమా ఆడింది. ఆ తర్వాత 'పొట్టి ప్లీడరు'. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'. సంగీత దర్శకుడు కోదండపాణి మద్రాసులో చదువుకుంటున్న ఒక నెల్లూరు వైపు కుర్రాడి చేత పాడించింది ఆ సినిమాలోనే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు తొలిసారి వినపడింది ఒక కమెడియన్ సొంత డబ్బుతో తీసిన సినిమాలో అని ఎంతమందికి గుర్తుంది? 1970లో 'కథానాయిక మొల్ల' తీసి నంది తెచ్చుకున్నారు.

ఈ సినిమాల్లో నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. 'దేవత' కన్నీళ్ల కుటుంబ కథ, 'మొల్ల' కవయిత్రి జీవితం. నవ్వించి పేరు తెచ్చుకున్న మనిషి సొంత డబ్బు పెట్టేటప్పుడు ఎప్పుడూ నవ్వునే నమ్ముకోలేదు. పద్యాలు పాడుకుంటూ వచ్చిన సింహాద్రిపురం పిల్లాడు ఇరవై ఐదేళ్ల తర్వాత తనకు కావలసిన సినిమా తీసుకున్నాడని నేననుకుంటాను. రాజబాబు నిర్మించిన వాటి పేర్లు 'ఎవరికి వారే యమునా తీరే', 'మనిషి రోడ్డున పడ్డాడు'. జాతకం ముందే రాసుకున్నట్టుంటాయి. అవీ ఉత్త హాస్యచిత్రాలు కావు.

ఎక్కడ దెబ్బతిన్నారంటే అప్పు దగ్గర. సినిమా మొదలయ్యేది బయ్యర్ల అడ్వాన్సుతో, ఫైనాన్షియర్ వడ్డీ డబ్బుతో. పూచీగా పెట్టేది నెగెటివ్‌నే. అది ల్యాబులో ఉంటుంది, ఫైనాన్షియర్ లెటర్ ఇవ్వనిదే ప్రింట్లు బయటికి రావు. షూటింగు ఒక నెల ఆలస్యమైతే వడ్డీ ఒక నెల పెరుగుతుంది. ఏ హక్కు కోసమైతే నిర్మాతగా మారాడో ఆ హక్కే ముందు తాకట్టులోకి వెళ్తుంది. ఒక సినిమా పోతే పాత హిట్ సినిమా హక్కులు కూడా అమ్ముకోవాలి. పెద్ద నిర్మాతకైతే వెనకాల పొలాలో, స్టూడియోనో ఉంటాయి, రెండు ఫ్లాపులు తట్టుకుంటాడు. కమెడియన్‌కు వెనకాల ఉన్నది మరుసటి నెల కాల్‌షీటు మాత్రమే. పైగా నిర్మాతగా తిరుగుతున్నన్ని రోజులు బయటి సినిమాలకు డేట్లు ఉండవు. ఆ ఖాళీలో కొత్త కమెడియన్ దూరిపోతాడు. పద్మనాభానికి లాభాల సినిమాల్లో వచ్చింది తర్వాతి సినిమాల్లో కరిగిపోయింది. 2010 ఫిబ్రవరిలో చెన్నైలోనే కన్నుమూశారు.

దానధర్మాల వల్ల చితికిపోయారన్న మాట రాజబాబు గురించి ఎక్కువగా వింటాం. ఆయన చేయి పెద్దదే. ఏటా తన పుట్టినరోజుకు ఒక పాత హాస్యనటుణ్ణి పిలిచి సన్మానం చేసేవారు, కోరుకొండలో జూనియర్ కాలేజీకి సాయం చేశారు. 1983లో 47 ఏళ్లకే పోయారు. కానీ ఒక పాత నటుడికి ఇచ్చిన శాలువా, కవరు ఎవర్నీ రోడ్డున పడేయవు. ముందుతరం కమెడియన్ ఎలా ఉన్నాడో ఏడాదికోసారి స్వయంగా చూసుకున్నాడంటే, తన ముందున్నదేమిటో ఆయనకు బాగానే తెలుసన్నమాట.

తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. రేలంగి తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టారు. ఏ కమెడియన్ పేరు మారుమోగినా హాలుకు టిక్కెట్లు తెగుతాయి. అల్లు రామలింగయ్య 1972లో గీతా ఆర్ట్స్ పెట్టారు, లెక్కలు కొడుకు అరవింద్ చూసుకున్నారు, తర్వాత ఇంటికి అల్లుడిగా చిరంజీవి వచ్చారు. తండ్రి మాత్రం వేషాలు వేస్తూనే ఉన్నారు, వెయ్యి సినిమాల దాకా. ఇది తెలివా అదృష్టమా అంటే రెండూ. కానీ నటించే మనిషి, లెక్క చూసే మనిషి వేరుగా ఉండటం ఇక్కడ పనిచేసిందన్నది మాత్రం స్పష్టం.

మద్రాసు తర్వాత

1980లు వచ్చేసరికి నాటక సమాజం, నెలజీతం, కాల్‌షీటు అనే వరస తెగిపోయింది. సినిమా హైదరాబాదుకు కదిలింది. దర్శకుడు జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' (1982)తో వీరభద్రరావు, వేలుల సుత్తి జంటను తెచ్చారు. అందులో వీరభద్రరావు బెజవాడ రేడియో మనిషి. 'అహ నా పెళ్లంట' (1987)తో అందరికీ తెలిసిన బ్రహ్మానందం అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరరు. పందిట్లో పద్యం పాడటం బదులు మైకు ముందు, తరగతి గదిలో తయారైన గొంతులివి. డబ్బింగు వచ్చేయడంతో ఫ్లోర్‌లో నవ్వినా ఫరవాలేదు.

డబ్బు పద్ధతి మాత్రం అక్కడే ఉంది. చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు, అమ్మమ్మతో సగం తమిళంలో మాట్లాడతారు. వాళ్ల ఫోన్లలో మాత్రం బ్రహ్మానందం స్టిక్కర్లు డజన్లకొద్దీ ఉంటాయి. ఆ స్టిక్కరు తిరిగినన్నిసార్లు ఆయనకు వచ్చేది ఏమీ లేదు. 2010లో 'మాయాబజార్' రంగుల్లో విడుదలైంది, రేలంగి, రమణారెడ్డి కొత్త తరాన్ని నవ్వించారు, వాళ్ల కాల్‌షీట్లు ఏనాడో చెల్లిపోయాయి. 2012 కాపీరైట్ సవరణ పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ వాటా గట్టిగా రాసిపెట్టింది. నటీనటుల విషయంలో వాడుకలో ఉన్నది ఇంకా ఒకేసారి ఇచ్చే మొత్తమే.

2013లో మొదలైన టీవీ స్కిట్ల షో 'జబర్దస్త్' ఇప్పుడు పాత నాటక సమాజం పని కొంత చేస్తోంది. వారం వారం కొత్త స్కిట్, ఎదురుగా జనం, నచ్చకపోతే అక్కడికక్కడే తెలుస్తుంది. అందులో పేరొచ్చినవాళ్లు సినిమాల్లోకి, కొందరు హీరో వేషాల్లోకి వెళ్లారు. వేణు యెల్దండి దర్శకత్వం వైపు వెళ్లారు. 2023లో వచ్చిన 'బలగం' ఒక చావు ఇంటి కథ, అందులో ఆయన వేసుకున్నది చిన్న వేషం. పెట్టుబడి దిల్ రాజు ప్రొడక్షన్స్‌ది.